ఐదు గ్లాసుల కాఫీ, ఐదుకి ఐదు మార్కులు

మధ్యలో నవ్వనంటేనే చెప్తాను. జి.మాడుగుల దగ్గర మా కాలేజీలో ఇంటర్ పిల్లలకి ఇప్పుడు నన్ను చూస్తే స్టాటిస్టిక్స్‌లో ఒక పాఠం మొత్తం గుర్తొస్తోంది. నేను బాగా చెప్పానని కాదు!

మొన్న హైపోథీసిస్ టెస్టింగ్ మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చెప్పినా అందరూ తెల్లమొహాలే. నాకు ఒళ్లు మండింది.

"సరే, నన్నే టెస్ట్ చెయ్యండి! మన కొండ కాఫీ ఏదో, షాపు ప్యాకెట్ కాఫీ ఏదో తాగి చెప్పేస్తాను. 'సారుకి తేడా తెలీదు, ఊరికే గెస్ చేస్తారు' అనుకోండి. అదే నల్ హైపోథీసిస్."

చోడవరం నుంచి కొండెక్కి మూడేళ్లు కాలేదు, నాకెందుకండీ ఈ గొప్పలు?

గెస్ చేస్తే ఐదు గ్లాసులూ కరెక్టయ్యే అవకాశం ముప్పై రెండింట్లో ఒకటి. అంటే సుమారు మూడు శాతం. ఐదు శాతం కన్నా తక్కువైతే నల్‌ని కొట్టేద్దామని ముందే ఒప్పందం. పందెం కూడా! నేను నెగ్గితే శనివారం వాలీబాల్ పీరియడ్‌లో నా స్పెషల్ క్లాసు. ఓడితే ఆ క్లాసే ఉండదు. వాళ్లకి వాలీబాల్ ప్రాణం.

సుమతి అని చురుకైన గుంట ఉంది. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే కొండ కాఫీ, బొరుసు పడితే ప్యాకెట్ అని వరస రాసుకుని, వంట చేసే అప్పలమ్మకి చదివి వినిపించి వచ్చింది. గ్లాసులొచ్చాయి. నేను కళ్లు మూసుకుని, తల ఊపుతూ ఒక్కొక్కటే గుటకేశాను.

"ఆహా, ఇది మనది! ...ఛీఛీ, ఇది ప్యాకెట్! నోట్లో పెట్టలేం!"

సుమతి కాగితం విప్పింది. ఐదుకి ఐదూ కరెక్ట్! నల్ రిజెక్ట్! పిల్లల మొహాలు వాడిపోయాయి.

"శనివారం పుస్తకాలతో రండి" అన్నాను, మీసం దువ్వుకుంటూ.

అంతలో ఖాళీ గ్లాసుల కోసం అప్పలమ్మ వచ్చింది.

"కాఫీ బాగుందా సారూ?"

"మూడు బ్రహ్మాండం. ఆ ప్యాకెట్‌వి రెండే చెత్త."

"పేకెట్టేటి? ఇంటికొచ్చిన సుట్టానికే ఆ పొడి పొయ్యం, సదువు సెప్పే మీకు పోత్తానేటి? ఐదూ మా తోట కాఫీయే! ఒక్క గిన్నెలోదే!"

ఓసి నా తల్లీ! అంత మర్యాద నాకెందుకమ్మా?

క్లాసంతా గొల్లుమంది. సుమతి మాత్రం బుద్ధిగా చెయ్యెత్తింది. "సార్, మరైతే మీరు గెస్సే చేసారు. నల్ నిజమే కదా? నిజమైన నల్‌ని కొట్టేస్తే టైప్ వన్ ఎర్రర్ అని పొద్దున్న మీరే సెప్పారు."

అంతవరకూ ఒక్క ముక్క ఎక్కని పాఠం అప్పుడే ఎక్కాలా! శనివారం పీరియడ్‌ని వాలీబాల్‌కే వదిలేశాను. గట్టు మీద కూర్చుని స్కోరు కూడా రాశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఈ వారం టెస్టులో, బుద్ధి లేక, నేనే ఒక ప్రశ్న ఇచ్చాను: "టైప్ వన్ ఎర్రర్ అనగానేమి? ఒక ఉదాహరణ ఇమ్ము. ఐదు మార్కులు."

క్లాసు క్లాసంతా ఒకటే రాశారండీ. "ఉదా: మా లెక్కల సారు."

ఎంత వెతికినా అర మార్కు కొయ్యడానికి సందు దొరకలేదు!