మెషినమ్మ అభ్యంతరం

ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది. అది ఓటర్ల జాబితాలో తప్ప మరెక్కడా వినపడదు. వీధిలో అందరికీ ఆమె మెషినమ్మ. పొద్దున్న ఏడింటికి ముందుగదిలో కుట్టుమెషిన్ మొదలైతే సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆగదు. బడి యూనిఫారాలు, దిండు గలేబులు, పర్దాలు కుడుతుంది. నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ మాట్లాడాల్సినదంతా మెషినే మాట్లాడేస్తుందని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు.

భర్త ఉన్నన్నాళ్ళూ ఆమె కుట్టేది, ఆయన గుండీలు కుట్టి, మడతపెట్టి, కట్ట కట్టి ఇళ్ళకు చేర్చేవాడు. వీధి మధ్యగా ఓ కాలువ పారుతుంది. ఈ పక్క ఒక వరస ఇళ్ళు, ఆ పక్క ఒక వరస. మనిషి నడుములోతు, మూత లేదు. దాటడానికి రెండుచోట్ల చెక్కలు వేసుకున్నారు. మూడేళ్ళ క్రితం ఒక వాన సాయంత్రం వీధీ కాలువా ఏకమై, ఏది నేలో ఏది నీళ్ళో తెలియకుండా పోయినప్పుడు, ఆయన యూనిఫారాల కట్ట నెత్తిన పెట్టుకుని అడుగు వేశాడు. తుంటి ఎముక విరిగింది. పంతొమ్మిది రోజులు మంచం మీద ఉండి, ఇరవయ్యో రోజు లేకుండా పోయాడు. కట్ట మాత్రం తడవలేదు. పిల్లలు సోమవారం ఆ యూనిఫారాలే వేసుకుని బడికి వెళ్ళారు.

ఆ తర్వాత మెషినమ్మ అర్జీలు పెట్టడం మొదలుపెట్టింది. చదివింది ఐదో తరగతి. ఒక్కో అర్జీ రాయడానికి మూడు రోజులు పట్టేది. రాసేది మాత్రం ఒకటే వాక్యం: ‘మా వీధి కాలువ మీద పలకలు వేయించవలసిందిగా కోరుచున్నాను.’

కాలువకు అవతల, ఎదురింట్లో ఆమె తోడికోడలు ఉంటుంది. మరిది భార్య. మెషినమ్మకు లేని నాలుక కూడా దేవుడు ఈవిడకే ఇచ్చినట్టున్నాడు. అర్జీ చూసి కస్సుమంది.

“ఇదేంటక్కా? బావగారి సంగతి ఒక్క ముక్క రాయలేదు?”

“వాళ్ళు అడగలేదుగా.”

“అడక్కపోతే చెప్పకూడదా? నువ్విలా ఉంటే వాళ్ళు పలకలు కాదు కదా, పలకబలపం కూడా ఇవ్వరు!”

అయినా ఐదో అర్జీకి ఏ దేవత కరుణించిందో, తొమ్మిదో వార్డు కౌన్సిలరు పలకలు మంజూరు చేయించాడు. కొలతలు తీసుకువెళ్ళారు. వీధి మొదట్లో కంకర కూడా పోశారు. సరిగ్గా అప్పుడే జనాభా లెక్కలొచ్చాయి.

లెక్కలు రాసే ఆయన అట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఇంట్లో ఎంతమందమ్మా?” అన్నాడు.

“ఇద్దరం,” అంది మెషినమ్మ. తర్వాత ఓసారి లోపలికి చూసి, “ఒక్కదాన్నే,” అంది.

ఆయన విసుక్కోకుండా రబ్బరు తీసి తుడిచాడు. మంచివాడే.

ఊళ్ళో జనం బాగా పెరిగారని తేలింది. ఆమె ఇంట్లో తగ్గారన్న సంగతి కూడా ఆ లెక్కలోనే ఉంది గానీ, పెద్ద లెక్కల్లో చిన్న తీసివేతలు ఎవరూ పైకి చదవరు. ఇరవైనాలుగు వార్డులను ముప్ఫైఒకటి చేస్తామన్నారు. వార్డుకూ వార్డుకూ జనం సమానంగా ఉండేలా కొత్త గీతలు గీసి, పురపాలక కార్యాలయం గోడకు పటం అంటించారు. కింద పెద్ద అక్షరాలతో ‘ప్రజల అభ్యంతరాలు, సూచనలు స్వీకరించబడును’ అని రాశారు. హద్దులు తేలేదాకా పనులన్నీ ఆపమని ఇంకో కాగితం వచ్చింది. వీధి మొదట్లో కంకర మీద పిల్లులు పడుకోవడం మొదలుపెట్టాయి.

తోడికోడలు ఆమెను పటం దగ్గరికి లాక్కెళ్ళింది. మెషినమ్మకు పటాలు తెలియవు, కత్తిరింపులు తెలుసు. కళ్ళజోడు సర్దుకుని ఎర్రగీత వెంట వేలు పోనిచ్చింది. గీత బజారు దగ్గర వంకర తిరిగి, బడిని చుట్టి, వాళ్ళ వీధిలోకొచ్చి తిన్నగా కాలువ నడుమ నుంచి పోయింది. ఈ గట్టు తొమ్మిదో వార్డు. ఆ గట్టు పద్నాలుగో వార్డు.

“అంటే నువ్వు ఒక వార్డు, నేనొక వార్డా? పోనీలే, తోడికోడళ్ళు వేరుపడటం కొత్తేం కాదు,” అంది తోడికోడలు.

“మనం సరే,” అంది మెషినమ్మ. “కాలువ ఎవరిది?”

ఆ ప్రశ్న పట్టుకుని ఇద్దరూ ఇద్దరు కౌన్సిలర్ల ఇళ్ళకూ తిరిగారు. “సగం నాది కాదమ్మా, పరాయి వార్డులో నేనెలా పలక వేస్తాను?” అన్నాడు తొమ్మిదో ఆయన. “మొత్తం నాదైతే రేపే వేద్దును,” అన్నాడు పద్నాలుగో ఆయన. ఇద్దరూ ఎంతో మర్యాదగా గుమ్మం దాకా సాగనంపారు. కాలువ రెంటికీ చెడ్డ రేవడి అయింది. పలకలేమో నిలువునా సగానికి కోసి వేసేవి కావు.

ఇక మిగిలింది బహిరంగ విచారణ. అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చట. మెషినమ్మ జన్మలో మైకు ముందు నిలబడలేదు. నాలుగు రోజులు మెషిన్ తొక్కుతూ చెప్పవలసిన మాట లోలోపల వల్లెవేసుకుంది.

కార్యాలయం పైఅంతస్తులో హాలు. తిరిగే పంకాలు రెండు, తిరగనివి నాలుగు. వేదిక మీద పెద్దసారు, పక్క బల్ల దగ్గర గుమాస్తా, ఆయన ముందు గళ్ళు గీసిన పుస్తకం. ఒక గడిలో పేరు, ఒక గడిలో వీధి, చివరి గడి పైన ‘అభ్యంతరం’. ఆ పక్కన రికార్డు చేసే యంత్రం. చట్టం ప్రకారం మాటలు రికార్డు చేసే ముందు మనిషి ఒప్పుకోలు అడగాలి. అందుకని గుమాస్తా ప్రతివాళ్ళనూ ముందుగా అడుగుతున్నాడు:

“మీరు మాట్లాడేది రికార్డు చేసుకుంటాం. మీకేమైనా అభ్యంతరమా?”

మర్యాదగల ఊరు. అలా అడిగితే ఎవరు కాదంటారు? “అయ్యో, అభ్యంతరం ఏముందండీ!” అన్నాడు మందుల దుకాణం ఆయన. “భలేవారే, నాకేం అభ్యంతరం లేదు,” అంది పంతులమ్మ. గుమాస్తా తలూపి చివరి గడిలో ‘లేదు’ అని రాసుకున్నాడు. తర్వాత వాళ్ళు మూడేసి నిమిషాలు గీతను తిట్టి, చెమట తుడుచుకుని కూర్చున్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు రాసేశాడు గనక, గుమాస్తా కలం మళ్ళీ ఎత్తలేదు.

మెషినమ్మ వంతు వచ్చింది. “మీకేమైనా అభ్యంతరమా అమ్మా?”

“లేదు బాబూ,” అంది. తర్వాత మైకు పట్టుకుని, “కాలువని మధ్యకి చీల్చొద్దండి. ఎటో ఒకవైపు మొత్తం ఉంచండి. పలకలు వెయ్యాలి,” అంది. మిగిలిన రెండున్నర నిమిషాలూ అలాగే నిలబడి, చాలనుకున్నాక వచ్చేసింది.

చివర్లో భేష్‌గారు లేచాడు. తపాలా ఉత్తరాలు వేరుచేసే పనిలో ముప్ఫైఏళ్ళుండి దిగిపోయిన మనిషి. తోడికోడలి ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటాడు. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా ఏర్పాట్లు చూసి ‘భేష్’ అనకుండా రాడు. ఆయన పటాన్ని మెచ్చుకోవడానికే వచ్చాడు.

“రికార్డు చేస్తాం, అభ్యంతరమా?”

“ఉంది!” అన్నాడు భేష్‌గారు. “యంత్రంలో నా గొంతు వింటే నాకే కడుపులో తిప్పుతుంది. ఆపండి!”

గుమాస్తా ‘కలదు’ అని రాసి కింద గీత గీశాడు. యంత్రం ఆపాక భేష్‌గారు ఐదు నిమిషాలు పటాన్ని పొగిడాడు.

పదిరోజుల తర్వాత గోడమీద కొత్త కాగితం వెలిసింది. ‘హాజరైనవారు 38. అభ్యంతరం లేనివారు 37. అభ్యంతరము 1.’ గీత వెంట్రుకవాసి జరగలేదు.

తోడికోడలు గుమాస్తా బల్ల మీద చెయ్యి వేసింది. “మా అక్క గంటసేపు... సరే, అర నిమిషం మాట్లాడింది కదయ్యా! ఆ మాటేమైంది?”

“ఆవిడే అన్నారుగా, అభ్యంతరం లేదని. ఇదిగో, సంతకం కూడా ఉంది.”

“అది నీ డబ్బాకి లేదంది! గీతకి కాదు!”

గుమాస్తా పుస్తకం తనవైపు తిప్పుకుని చూశాడు. ఒక్కొక్క పేరే చదువుతుంటే మొహంలో రంగు మారింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న పని తనే చేశానని తెలిసింది. కానీ పుస్తకం అప్పటికే పైకి వెళ్ళి, ముద్ర పడి తిరిగొచ్చింది.

“ఇప్పుడేం చెయ్యలేనమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “రికార్డులో ఉన్న అభ్యంతరం ఒక్కటే. రూలు ప్రకారం దాని మీద పెద్దసారు స్వయంగా వచ్చి చోటు చూడాలి. బుధవారం వస్తారు. అభ్యంతరం చెప్పిన పెద్దమనిషి అక్కడుండి చూపించాలి. మీరేం చేసుకుంటారో మీ ఇష్టం, నేనైతే ఏమీ చెప్పలేదు.”

ఇద్దరూ తిన్నగా భేష్‌గారింటికి వెళ్ళారు. పెద్దసారు చోటు చూడటానికి వస్తున్నారన్న నోటీసు పట్టుకుని ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

“నాకేం అభ్యంతరం లేదమ్మా! పటం భేషుగ్గా ఉంది. వెళ్ళి వెనక్కి తీసుకుంటాను.”

“అంతపని చెయ్యకన్నయ్యా!” అంది తోడికోడలు. “ఊరు ఊరంతటికీ అభ్యంతరం ఉన్నది నీ ఒక్కడికే. దొరికినదాన్ని పోగొట్టుకుంటావా? నీ కోసం పెద్దసారు కారేసుకుని వస్తున్నాడు, ఎప్పుడైనా వచ్చాడా ఈ వీధికి?”

భేష్‌గారు ఆ మాట మీద కాస్త నిలబడ్డాడు. “కారులోనా?” అన్నాడు. తర్వాత, “కానీ నా అభ్యంతరం ఏమిటో నాకు తెలియాలి కదమ్మా,” అన్నాడు.

“అది మా అక్క దగ్గరుంది. వాడుకో.”

బుధవారం పెద్దసారు వచ్చాడు. భేష్‌గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. “మీ అభ్యంతరం?” అని అడగ్గానే మెషినమ్మ వైపు చెయ్యి చూపించాడు.

“హద్దు అందరికీ కనపడాలమ్మా,” అన్నాడు పెద్దసారు ఆమెతో, ఓపిగ్గానే. “కాలువైతే కనపడుతుంది. అందుకే గీత దాని మీద పెట్టాం. పలకలతో కప్పేస్తే మళ్ళీ కనపడదు. అదొక చిక్కు.”

అంటే హద్దుగా ఉండాలంటే కాలువ ఎప్పటికీ తెరుచుకునే ఉండాలి. తోడికోడలు నోరు తెరవబోయింది. మెషినమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగున ఉన్న సుద్దముక్క తీసి గట్టు మీద కూర్చుంది.

“బట్ట మీద గీత గీస్తామండి. గీత మీదే కత్తెర పెట్టం. కుట్టుకి అరంగుళం వదిలి పక్కన కత్తిరిస్తాం. గీత మీదే కోస్తే రెండు ముక్కలూ దేనికీ పనికిరావు. కుట్టు పట్టదు, జారిపోతుంది.” లేచి తన ఇంటి ప్రహరీ అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకు సుద్దతో గీసింది. “గీత ఇక్కడికి జరపండి. గోడలు కనపడతాయి. కాలువ మొత్తం అటుపోతుంది.”

పెద్దసారు ఆ గీతనే చూశాడు. “అలాగైతే కాలువ పద్నాలుగో వార్డుది. మీరు తొమ్మిదిలోనే ఉంటారు. రేపు పలకలు అడిగే హక్కు మీకుండదమ్మా.”

“అడగడానికి మా తోడికోడలుందండి.”

“ఉంది కాదు, అడుగుతుంది!” అంది తోడికోడలు.

పెద్దసారు భేష్‌గారి వైపు తిరిగాడు. “మీ అభ్యంతరం ఇదేనా?”

ఆయన సుద్దగీతను ఆ చివర దాకా చూశాడు. “భేష్,” అన్నాడు.

గీత ఎనిమిదడుగులు జరిగింది. పద్నాలుగో వార్డు కౌన్సిలరు మాట తప్పలేదు. తప్పనిస్తే కదా, తోడికోడలు రోజూ పొద్దున్నే ఆయన గుమ్మంలోనే పళ్ళు తోముకున్నంత పని చేసింది. రెండు నెలల్లో కాలువ మీద పలకలు పడ్డాయి. ప్రారంభానికి కుర్చీలు వేశారు. ‘పౌరుడు ఒక్కడైనా చాలు’ అని కౌన్సిలరు ఉపన్యాసమిచ్చి భేష్‌గారిని వేదిక ఎక్కించాడు. పద్నాలుగో వార్డు వాళ్ళనే పిలవాలని ఎవరో అన్నారట, మెషినమ్మకు పిలుపు రాలేదు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని కాలర్లు కుట్టుకుంది. మైకులో చప్పట్లు వినపడ్డప్పుడు మెషిన్ ఒక్కసారి ఆపి, మళ్ళీ తొక్కింది.

కుర్చీలు తీసేశాక, మధ్యాహ్నం వీధి ఖాళీగా ఉన్నప్పుడు గుమ్మం దిగి పలకల మీదికి వచ్చింది. మడమతో తట్టి చూసింది. గట్టిగానే ఉన్నాయి. నాలుగడుగులు అటు వేసింది, మళ్ళీ ఇటు వచ్చింది. ఆయన పడ్డచోట గట్టు ఇటుక ఒకటి విరిగి ఉండేది. మూడేళ్ళుగా పొద్దున్న కిటికీ తెరవగానే కన్ను ముందు దానిమీదికే పోయేది. ఇప్పుడు ఇటుకా లేదు, గట్టూ లేదు. ఒకే కొలతకు పోసిన బూడిదరంగు పలకలు వరసగా ఉన్నాయి. గుమ్మం నుంచి అడుగులు లెక్కపెట్టి చూసింది. ఒకసారి ఐదో పలక అనిపించింది, ఇంకోసారి ఆరోది. వంగి, సందుల్లోకి చూసింది. నలుపు తప్ప ఏమీ కనపడలేదు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. “ఏం వెతుకుతున్నావక్కా? సూది పడిందా?”

మెషినమ్మ తలెత్తకుండానే, “ఆఁ,” అంది.

“ఉండుండు, కదలకు. కాల్లో దిగుతుంది.” తోడికోడలు చెప్పులు వేసుకుని వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, తనూ పక్కనే వంగి వెతకసాగింది.