పంతొమ్మిది ఎర్ర దిద్దుబాట్లు

అక్టోబరు, మొదటి శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. కోరమండల్ బంగారు గని కాలనీ, మా ఇంటి వసారా.
ఉన్నవారు: నేను, నా భార్య, ఎదురింటి బావ, ఆయన కూతురు.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. గని సర్వే ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాను. ఏ కొలత రాయాలన్నా ముందు తారీఖు, ఆ తరవాత అక్కడ ఉన్నవాళ్లెవరో రాయాలని అక్కడ నేర్పారు. గని మూతపడింది, ఆఫీసు పైకప్పు రేకులు కూడా ఎవరో విప్పుకుపోయారు. అలవాటు మాత్రం నన్ను వదల్లేదు.

ఎదురింటి బావ నాకు చుట్టం కాదు. ఆయన తాత, మా తాత చిత్తూరు వైపు పక్కపక్క ఊళ్ల నుంచి గనిలోకి పనికి వచ్చారట, ఆ వరస అలా నిలిచిపోయింది. నేను భూమి పైన కాగితాల మీద గీతలు గీస్తూ ఉంటే, ఆయన భూమి కింద సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. నాకు మిగిలింది నడుం నొప్పి, ఆయనకు మిగిలింది ఊపిరాడని రొమ్ము. నాలుగు మాటలు మాట్లాడి ఒకసారి ఆగి గాలి పీల్చుకుంటాడు.

ఆయన కూతురికి అప్పుడు ఇరవై తొమ్మిది దాటింది. బి.కాం. చదివింది. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో వైర్లు అమర్చే పని. కంపెనీ బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. బ్యాంకు పరీక్ష మూడుసార్లు రాసింది. ఇది నాలుగోసారి, ఇదే ఆఖరు కూడా. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పరీక్ష మర్నాడు ఆదివారం, బెంగళూరులో. అది పోతే ఆ వైర్లు, ఆ బస్సు, అంతే. ఇది మా ఇద్దరి ఇళ్లలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

రెండేళ్లుగా ఆదివారాలు ఆ పిల్లకు లెక్కలు చెబుతూ వచ్చాను. శాతాలు, వడ్డీలు, కాలము-దూరము, వీటిలో నాకు ఇబ్బంది లేదు. కానీ ఆ పరీక్షలో ఇంకో రకం ప్రశ్నలుంటాయి. డేటా సఫిషియెన్సీ అంటారు. ఒక ప్రశ్న ఇస్తారు, కింద రెండు వాక్యాలు ఇస్తారు. జవాబు ఎంతో చెప్పనక్కరలేదు. జవాబు కనుక్కోవడానికి ఇచ్చిన సమాచారం చాలునా, చాలదా అన్నది చెబితే చాలు. మొదటి వాక్యం ఒక్కటే చాలునా, రెండోది ఒక్కటే చాలునా, ఏదో ఒకటి ఉంటే చాలునా, రెండూ కలిస్తేగాని కుదరదా, రెండూ కలిసినా కుదరదా. అయిదింటిలో ఒకటి ఎంచాలి. అయిదు ప్రశ్నలుంటాయి, అయిదు మార్కులు.

ఈ రకం లెక్క నాకు మొదటినుంచీ గిట్టలేదు. లెక్క చేయగలిగి కూడా చేయకుండా ఆపేయడం నా చేతికి రాదు. అందుకని ఆ పిల్ల చేత ప్రతిదీ చివరిదాకా చేయించేవాడిని. మొదటి వాక్యంతో చేసి జవాబు తీయాలి. రెండోదానితో చేసి ఆ జవాబు సరిచూడాలి. మా ఆఫీసులో పని అలాగే జరిగేది. భూగర్భంలో ఒక గుర్తు ఎక్కడ ఉందో తెలియాలంటే నిలువు బావిలా దిగే ఒక షాఫ్టు నుంచి కొలుచుకుంటూ రావాలి, మళ్లీ ఇంకో షాఫ్టు నుంచి కొలుచుకుంటూ రావాలి. రెండూ ఒకే చోట కలిస్తేనే ఆ అంకె పటం మీద ఎక్కేది. ఒక్క దారిన వచ్చిన అంకెను పెన్సిలుతో రాసి పక్కన పెట్టేవాళ్లం. అది ఇంకా అంకె కాదు.

ఆ పిల్ల దగ్గర ఒక గైడు ఉండేది. సెకండ్ హ్యాండుది, అట్ట ఊడిపోయింది, పేజీల మధ్య బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బల మీంచి వచ్చిన సన్నటి దుమ్ము. వెనక ఇచ్చిన జవాబుల్లో తప్పులు నేను మొదటి వారమే పట్టుకున్నాను. అచ్చులో అంకెలు తారుమారయ్యాయి. ఎర్ర సిరాతో దిద్దాను. నా పని తీరు చూసుకుని నాకే తృప్తిగా అనిపించింది. ఆ తరవాత ఎక్కడ నా జవాబు, గైడు జవాబు కలవకపోయినా ఎర్ర సిరా తీసేవాడిని. మొత్తం ఇరవై ఎనిమిది దిద్దుబాట్లు.

అంతకు ముందు ఏడాది ఆ పిల్ల రెండు మార్కుల తేడాతో పోగొట్టుకుంది.

ఇంక ఆ శనివారం సంగతి. ఆ పిల్ల శుక్రవారం రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇల్లు చేరి, నాలుగు గంటలు పడుకుని మా వసారాలోకి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. చేతిలో మా గైడు, దాని కింద ఇంకో గైడు.

"ఇదెవరిది?" అన్నాను.

"నాతో పని చేసే ఆమెది మామా. ఇది వేరే వాళ్లు వేసింది. మనదాంట్లో లెక్కలు కొన్ని దీంట్లో కూడా ఉండాయి."

"ఒకరిది చూసి ఒకరు వేసుకుంటారు."

"ఒకటి అడగనా?" అని రెండు పుస్తకాలూ నా ముందు తెరిచింది.

చిన్న లెక్క. నలుచదరపు తోట వైశాల్యం ఎంత? మొదటి వాక్యం: తోట చుట్టుకొలత ఎనభై మీటర్లు. రెండో వాక్యం: తోట ఒక పక్క పొడవు ఇరవై మీటర్లు. మా గైడులో 'ఏదో ఒకటి చాలు' అని అచ్చయి ఉంటే నేను దాన్ని కొట్టేసి 'రెండూ కావాలి' అని ఎర్రగా రాశాను. కొత్త గైడులోనూ 'ఏదో ఒకటి చాలు' అనే ఉంది.

"చుట్టుకొలతతో చెయ్యమ్మా," అన్నాను.

"ఎనభైలో నాలుగో వంతు ఇరవై. ఇరవై ఇరవైలు నాలుగు వందలు."

"సరిచూడు."

"రెండో వాక్యంలో కూడా ఇరవయ్యే. నాలుగు వందలే."

"కలిసింది గదా. రెండూ చూసినాకే గదా కలిసిందని తెలిసింది."

ఆ పిల్ల పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, తీసింది. లోపలి నుంచి నా భార్య పళ్లెంలో రాగి ముద్ద, చారు తెచ్చి పెట్టింది. "ముందు అది నాలుగు మెతుకులు తిననీయండి. రేపు పరీక్ష పెట్టుకుని పస్తు ఉండే దానికి తోటలేమి, పక్కలేమి," అంది.

బావ గోడకు ఆనుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు చదువు అయిదో తరగతి. అంతవరకు కళ్లు మూసుకునే ఉన్నాడు.

"బావా, ఒక మాట," అన్నాడు. "దీపాలిచ్చే ల్యాంప్ రూములో పలక ఉండె గదా. దిగేటప్పుడు ఎవురి నంబరు బిళ్ల వాళ్లు తీసుకుపోతాము, పైకొచ్చినాక తగిలిస్తాము. బిళ్లలన్నీ పలక మీద ఉండాయంటే ఏమర్థం?"

"అందరూ పైకి వచ్చినట్టు."

ఆయన ఆగి గాలి పీల్చుకున్నాడు. "షాఫ్టు కాడ లిఫ్టుకు బెల్లు కొట్టేవాడు కూడా తలకాయలు లెక్క రాసుకుంటా ఉండె. వాని పుస్తకంలో దిగినోళ్లు, ఎక్కినోళ్లు సమానమంటే?"

"అప్పుడూ అందరూ వచ్చినట్టే."

"ఇంగేమి. పలక చూసినోనికి పుస్తకంతో పని లేదు. పుస్తకం చూసినోనికి పలకతో పని లేదు. రెండూ ఎందుకు పెట్టినారు? మమ్మల్ని నమ్మలేక. ఒకటి చాలక గాదు."

నేను పేజీ మీది ఎర్ర గీత వైపు చూశాను.

"ముప్పై ఏండ్లు ఒకే సొరంగాన్ని రెండు తూర్లు కొలిచి జీతం తిన్నావు," అన్నాడు బావ. "ఒక తూరి కొలిస్తే చాలని ఎవురన్నా అనుంటే మీ ఆఫీసులో సగం మందిని ఇంటికి పంపిందురు. నీకెట్ల తెలుస్తాది పాపం."

నా భార్య నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, ముద్ద మింగుతూ నా ముఖం చూసింది.

గైడు చేతిలోకి తీసుకుని వెనక పేజీలు తిప్పాను. తొమ్మిది దిద్దుబాట్లు అచ్చుతప్పులే, అనుమానం లేదు. మిగతా పంతొమ్మిది చోట్ల అచ్చులో ఉన్నది ఒకటే మాట, 'ఏదో ఒకటి చాలు'. నేను రాసింది కూడా ఒకటే, 'రెండూ కావాలి'. మిగిలిన రకాల్లో నా పద్ధతి వల్ల జవాబు తప్పలేదు, అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. ఈ ఒక్క రకంలో మాత్రం ప్రతిసారీ తప్పు చెప్పాను, తప్పు దిద్దాను. పరీక్షలో అయిదింటిలో ఒకటో రెండో ఈ రకమే ఉంటాయి. రెండు మార్కులు ఎక్కడ పోయాయో నాకు కనిపించింది. ఆ పుస్తకం మూసి మోకాళ్ల మీద పెట్టుకుంటే బరువుగా అనిపించింది.

చెప్పకుండా ఉండవచ్చు. మర్నాడు పరీక్ష ఉన్న పిల్లకు ఇప్పుడు చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. కానీ ఉన్నదున్నట్టు రాసే అలవాటు నాది, చెప్పకుండా దాచలేను.

"అమ్మా, పోయినేడు పోయిన రెండు మార్కులు..." అన్నాను.

"తెలుసు మామా."

"ఏమి తెలుసు?"

"పొద్దున బస్సులో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసినాను. పంతొమ్మిది ఉండాయి."

"మరి వచ్చీ రాగానే చెప్పకుండా ప్రశ్న అడగడమెందుకు?"

"రాత్రంతా నిలబడి పని చేసి వచ్చినాను. మీతో కొట్లాడే ఓపిక లేదు. మీరే చూస్తారులే అనుకున్నాను." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

లోపలికి వెళ్లి నా పాత స్టీలు స్కేలు తెచ్చాను. మొదటి వాక్యం చదివేటప్పుడు రెండోదాన్ని స్కేలుతో మూయాలి. రెండోది చదివేటప్పుడు మొదటిదాన్ని మూయాలి, చదివిన సంగతి మరిచిపోవాలి. లెక్క పూర్తి చేయకూడదు, దారి కనిపించగానే ఆపేయాలి. చెబుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆరు లెక్కలు ఇచ్చాను. మొదటి మూడింటికి, అలవాటు చొప్పున, చివరిదాకా వెళ్లిపోయింది. నాలుగోదాని దగ్గర "ఆపు" అన్నాను, ఆగింది. అయిదో లెక్కకు చేతిలో పెన్ను జారిపోయింది. కూర్చున్న చోటే కునుకు పట్టింది.

"ఇంగ చాలు బావా," అన్నాడు బావ, కూతురి భుజం తట్టి లేపుతూ. "దాని తలకాయ గూడా గనే. ఎంత తవ్వినా ఇంతే వస్తాది."

గైడ్లు రెండూ చంకన పెట్టుకుని తండ్రితో ఇంటికి వెళ్లింది. పొద్దుగుంకకముందే వాళ్లింటి తలుపు మూసి ఉంది. ఆ రోజు డైరీలో ఇంకేమీ రాయలేదు.

మర్నాడు ఉదయం అయిదున్నరకు కోరమండల్ స్టేషన్‌కు వెళ్లాను. బావ తువాలు తలకు చుట్టుకుని, కూతురి పక్కన నిలబడి ఉన్నాడు. పని వెతుక్కుంటూ బెంగళూరు పోయేవాళ్లు ప్లాట్‌ఫాం నిండా ఉన్నారు, అందరి చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. గనిలోకి దిగడానికి నిలబడే వరస లాగానే ఉంది, దిగేది మాత్రం దూరంగా.

నా జేబులో ఒక కార్డు ఉంది. స్కేలు పద్ధతి నాలుగు అంశాలుగా రాసి తెచ్చాను.

"మామా, మీరేమీ అనుకోకుంటే," అంది ఆ పిల్ల. "ఆ అయిదూ నేను చివరకు పెట్టుకుంటాను. మిగతావన్నీ అయినాక టైమ్ ఉంటే చేస్తాను. లేకుంటే ముట్టను. తప్పు రాస్తే ఉన్న మార్కులు గూడా కోస్తారు."

"మంచిదే అమ్మా," అన్నాను. కార్డు జేబులోంచి తీయలేదు.

బండి వచ్చింది. ఎక్కే ముందు గైడు నా చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనీ. ఇంగ నాకు అక్కర లేదు." కిటికీ పక్కన చోటు దొరికింది. బండి కదలకముందే కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. బావ చేయి ఎత్తాడు, ఆమె చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బావ దారిలో రెండు చోట్ల ఆగాడు. నేను కూడా ఆగాను.

ఇంటికి వచ్చి వసారాలో కూర్చుని గైడు వెనక పేజీలు తెరిచాను. నా ఎర్ర సిరా పక్కన, దాన్ని కొట్టేయకుండా, సన్నగా పెన్సిలుతో అచ్చులోని జవాబు మళ్లీ రాసి ఉంది. సాయంత్రం పడుకునే ముందు చేసి ఉంటుంది. వరసగా లెక్కపెట్టాను. పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కచోట మాత్రం పెన్సిలు లేదు, నా ఎర్ర అక్షరాలు అలాగే వదిలేసింది.

నిద్రమత్తులో మరిచిపోయిందేమో అనుకుని ఆ ప్రశ్న తీశాను. దీర్ఘచతురస్రపు స్థలం వైశాల్యం ఎంత? మొదటి వాక్యం: చుట్టుకొలత అరవై మీటర్లు. రెండో వాక్యం: పొడవు వెడల్పుకు రెండింతలు. అచ్చులో 'ఏదో ఒకటి చాలు' అని ఉంది. నా స్కేలు తీసుకుని రెండోదాన్ని మూశాను. చుట్టుకొలత ఒక్కదానితో రాదు. మొదటిదాన్ని మూశాను. రెండింతలు అన్న మాటతోనూ రాదు. రెండూ కావాలి. ఇది మాత్రం అచ్చుతప్పే, నేను దిద్దింది సరైనదే. ముందు రోజు కంగారులో నేను దీన్ని కూడా నా తప్పుల్లో కలిపేశాను. బస్సులో పంతొమ్మిది లెక్కపెట్టిన ఆ పిల్ల, పెన్సిలు పట్టినప్పుడు మాత్రం దీన్ని కలపలేదు.

వెడల్పు పది, పొడవు ఇరవై, వైశాల్యం రెండు వందలు అని చివరిదాకా చేయబోయి పెన్ను ఆపాను. నా భార్య కాఫీ తెచ్చి, "సరిచూస్తున్నారా?" అంది.

"లేదు," అని పుస్తకం మూశాను.