ఉప్పలోకాన్ని అడగడానికి సూర్యలంక దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక సంతకం. విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ వాళ్ళు నా నవల వేస్తామని చెప్పి హామీపత్రం పంపించారు. "ఈ రచన పూర్తిగా నా సొంతం, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు" అని అందులో ఉంది. కింద సంతకం చేసి సోమవారానికల్లా పంపాలి. మన దగ్గర కథలు రాసేవాళ్ళందరూ కళ్ళు మూసుకుని చేసే సంతకమే అది. నాకు మాత్రం మూడు రోజులు చెయ్యి ఆడలేదు.

నవల పేరు ఉప్పలోకం. నేల అన్నదే లేని గ్రహం, ఎటు చూసినా సముద్రం. అందులో టుంకులు అనే జీవులుంటాయి. పైనుంచి గట్టోళ్ళు ఓడల్లో దిగి, నీళ్ళమీద ఇనప దీవులు కట్టుకుని, టుంకులను పట్టి వాటిచేత ముత్యాలు ఏరిస్తారు. టుంకులు తిరగబడతాయి. ఆరేళ్ళు కూర్చుని రాశాను. నేను తెనాలిలో సైన్సు టీచర్ని, పెళ్ళీ గిళ్ళీ లేని మనిషిని. సాయంత్రం బడి నుంచి వచ్చి తలుపు తీస్తే నాకోసం ఉన్నది ఆ లోకం ఒక్కటే.

అయితే దాన్ని పుట్టించింది నేనొక్కదాన్నే కాదు. బాపట్లలో మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివేటప్పుడు నా పక్క మంచం నాంచారమ్మది. సూర్యలంక పిల్ల, వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. స్టడీ అవర్లో లెక్కల పుస్తకం అడ్డం పెట్టుకుని ఇద్దరం ఆ గ్రహాన్ని అల్లాం. టుంకులకు పేరు పెట్టింది నాంచారి. గట్టోళ్ళన్న మాటా తనదే, గట్టు మీద బతికేవాళ్ళని. ఆ ఏడు స్కూలు పత్రికలో ఆ కథ నా ఒక్కదాని పేరుతో అచ్చయింది. ఇచ్చింది నేనే, పేరు రాసిందీ నేనే. ఆ రోజు నుంచి పరీక్షలయ్యేదాకా నాంచారి నాతో మాట్లాడలేదు. తర్వాత తను చదువు మానేసింది, నేను తెనాలి వచ్చేశాను. ముప్పై ఏడేళ్ళు సిగ్గులేకుండా బతికేశాను.

శనివారం పొద్దున ఆరింటికి తెనాలి స్టేషన్‌కు చేరాను. సంచిలో నవల కాగితాల కట్ట, నీళ్ళ సీసా, గొడుగు. రేపల్లె ప్యాసింజర్‌కు టికెట్టు పది రూపాయలు. సూర్యలంక మనిషి కోసం రేపల్లె పోవడమేమిటంటారా? నాంచారిని ఆ వైపు ఇచ్చారనీ, రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుందనీ చాలా ఏళ్ళ కిందట ఎవరో అనగా విన్నాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని బయల్దేరాను.

బండి ఆరున్నరకు కదిలింది. కలుపు తీతకు వెళ్ళే ఆడవాళ్ళు క్యారేజీలతో ఎక్కి నా చుట్టూ సర్దుకున్నారు. ఎదురుగా కూర్చున్నావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"రేపల్లెలో చుట్టాలున్నారా టీచరుగారూ?"

నా మొహం మీద టీచరని రాసి ఉంటుంది కాబోలు. "స్నేహితురాలు ఉందమ్మా," అన్నాను.

"ఫోన్ చేశారా?"

"నంబరు లేదు."

"పోనీ ఇల్లు తెలుసా?"

"తెలీదు."

"బానే ఉందండి మీ వరస! మరి ఆవిడకన్నా తెలుసా మీరు వస్తున్నట్టు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వేమూరులో వాళ్ళు దిగిపోయాక పెట్టె ఖాళీ అయింది. అంతదాకా నాకు భయం వెయ్యలేదు, అప్పుడు వేసింది. దొరక్కపోతే ఏం చెయ్యాలన్నది కాదు నా భయం, దొరికితే ఏమనాలన్నది.

ఎనిమిదింటికి రేపల్లె. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది, ఆ దారిన వెళ్ళేవాళ్ళు మర్చిపోకుండా తినండి. అక్కడి నుంచి చేపల మార్కెట్‌కు నడిచాను. వరసలో మొదట కూర్చున్నావిడను అడిగితే కత్తిపీట మీద నుంచి చూపు ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఏ నాంచారమ్మండి? ఇక్కడ రాయి విసిరితే నాంచారమ్మకే తగులుద్ది."

"వాళ్ళ పుట్టిల్లు సూర్యలంక."

"ఓ, సూర్యలంక నాంచారమ్మక్కా! మొగుడు పోయాక పుట్టింటికి ఎల్లిపోయింది కదండి, నాలుగైదేళ్ళవుతుంది. మీరేమవుతారు?"

"కలిసి చదువుకున్నాం," అన్నాను.

ఆవిడ అప్పుడు తలెత్తింది. "నాంచారమ్మక్క చదువుకుందా! ఇరవయ్యేళ్ళు నా పక్కనే కూర్చుందండి, ఒక్కనాడూ చెప్పలేదు."

తొమ్మిదిన్నరకు బాపట్ల బస్సు దొరికింది. చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది, రెండు గంటలు పట్టింది. అటూ ఇటూ వరి, కాలవలు, మధ్య మధ్య రొయ్యల చెరువులు. నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. హామీపత్రం మీద చప్పున సంతకం పెట్టేసి ఇంట్లో కూర్చోక నాకెందుకొచ్చిన తంటా ఇదని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. బాపట్లలో దిగి మెస్సులో భోజనం చేశాను. పప్పు, దోసకాయ కూర, మజ్జిగ. మేము చదివిన హాస్టల్ ఆ వీధికి దగ్గరే. చూడటానికి వెళ్ళలేదు, కాళ్ళు రాలేదు.

ఒంటిగంటకు షేర్ ఆటో ఎక్కాను. అందులో గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం, ముందే స్విమ్మింగ్ టోపీలు పెట్టుకున్నారు. దిగాక "ఆంటీ, మా అందరికీ ఒక ఫొటో తీయరా?" అని ఫోన్ నా చేతిలో పెట్టారు. నాలుగు తీశాను. "మీరు ఒక్కరే వచ్చారా ఆంటీ? మీకూ తీయమంటారా?" అని ఆ ఇంటి కోడలు మర్యాదగా అడిగింది. వద్దమ్మా అన్నాను. సముద్రం చూద్దామని వచ్చేవాళ్ళు అక్కడే ఆగుతారు. జాలరిపల్లె ఇంకా అవతల, ఇసకలో పావుగంట నడవాలి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను.

నాంచారి ఇసకమీద వల పరిచి, దానిమీద ఆరబెట్టిన చేపలను తిరగేస్తోంది. ముప్పై ఏడేళ్ళయినా వీపు చూసి గుర్తుపట్టాను. నేను పిలవకముందే తను వెనక్కి తిరిగింది.

"సువార్తవి కదే?" అంది. కాసేపు చూసి, "లావయ్యావు," అంది.

నేను బస్సులో వల్లె వేసుకున్న ముక్కలన్నీ ఎగిరిపోయాయి. నిలబడే చెప్పేశాను. స్కూలు పత్రికలో నా పేరు ఒక్కటే రాసుకున్నది తప్పని చెప్పాను. ఇప్పుడు నవల రాశానని, నువ్వు ఒప్పుకుంటే తప్ప వేయించనని చెప్పాను. తను పాకలోంచి ఒక పీట తెచ్చి వేసి, "చదువు. ఏం రాశావో విందాం," అంది.

గొడుగు వేసుకుని చదివాను. నాంచారి చేపలు తిరగేస్తూ విన్నది. కొన్నిచోట్ల నవ్వింది. గట్టోళ్ళను నేను భూగ్రహ సైన్యంగా మార్చినచోట మూతి తిప్పింది. మూడో అధ్యాయంలో, "సముద్రగర్భంలోని అనంత నిశ్శబ్దంలో మూగజీవులైన టుంకులు" అని నేను చదవగానే తన చెయ్యి ఆగింది.

"నిశ్శబ్దమేంటే?"

"నీళ్ళ అడుగున చప్పుడు ఎక్కడిది?"

"నీ మొహం! టీచరంట, సైన్సంట!" అని పగలబడి నవ్వింది. "మా అయ్య పడవ ఆపి, తెడ్డు నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనించేవాడు. కింద చేపల గుంపుంటే గుర్రుమని అరుస్తాయి. తెడ్డులోంచి పైకి వినపడుద్ది. ఏ చేపో, ఎంత గుంపో కూడా చెప్పేవాడు. సముద్రమంత గోల ఇంకెక్కడుంటుందే?"

నీటిలో ధ్వని గాలిలో కంటే వేగంగా పోతుందని ముప్పై ఏళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నదాన్ని నేను. పరీక్షలో తప్పు రాసిన పిల్లల చెవులు మెలిపెట్టినదాన్ని. కాలవ గట్టున పెరిగిన బుద్ధి, సముద్రం కూడా మా తూములో నీళ్ళ మాదిరిగా కిక్కురుమనకుండా పడి ఉంటుందనుకుంది.

"అవి అరుస్తాయి కాబట్టే కదే టుంకులని పేరు పెట్టాను," అంది నాంచారి. ఇప్పుడు తను నవ్వడం లేదు. "రోజంతా టుంక్ టుంక్ అంటూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. గట్టోళ్ళు తెడ్డుకి చెవిపెట్టి ఆ పిలుపు పట్టుకునే వచ్చి పడతారు. అందుకని అన్నీ కట్టుబాటు చేసుకుని నోళ్ళు మూసుకుంటాయి. అదే వాటి యుద్ధం. పిల్ల తప్పిపోయినా తల్లి పిలవదు. మొగుడు ఉన్నాడో పోయాడో పెళ్ళానికి తెలవదు. పక్కనే ఈదుతున్నా ఎవరికి ఎవరో తెలవదు. గట్టోళ్ళు ఇనప దీవుల మీద కూర్చుని ఏళ్ళ తరబడి వింటూనే ఉంటారు. ఒక్కటీ దొరకదు."

"చివరికి గట్టోళ్ళు వెళ్ళిపోతారా?"

"ఏమో. పోయినట్టు నాకయితే అనిపించదు."

నా నవల చివర్లో ఒక పెద్ద అల లేచి ఇనప దీవులన్నిటినీ ముంచేస్తుంది, గట్టోళ్ళు పారిపోతారు. నా టుంకులు పుట్టు మూగవి, వాటికి పోయేదేమీ లేదు. ఆరేళ్ళు రాసిందంతా ఎంత చప్పగా ఉందో ఆ పీట మీద కూర్చుని తెలుసుకున్నాను.

"ఇదంతా ఎప్పుడు అల్లావే?"

"అల్లుతూనే ఉన్నాను. మార్కెట్లో కూర్చున్నప్పుడు, చేపలు ఎండేసేటప్పుడు."

"ఎవరికన్నా చెప్పావా?"

"ఎవరికి చెప్తాను?"

నాకు ఒళ్ళంతా సంతోషం పొంగింది. అన్నేళ్ళూ నేను ఒక్కదాన్నే ఆ నీళ్ళలో తిరుగుతున్నాననుకున్నాను, తనూ తిరుగుతూనే ఉంది. "నాంచారీ, ఇదంతా పుస్తకంలో పెడదామే. మొత్తం తిరగరాస్తాను. ఇద్దరి పేర్లూ వేయిస్తాను, నీ పేరే ముందు," అంటూ సంచిలోంచి పెన్ను తీసి, కాగితం వెనక్కి తిప్పి, "ఆ కట్టుబాటు సంగతి మళ్ళీ చెప్పు," అన్నాను.

నాంచారి పెన్ను వంక చూసింది.

"మా అయ్య విన్నచోటే వల దించేవాడు," అంది. "అప్పుడూ అదే చేశావు, ఇప్పుడూ అదే చేస్తున్నావు. విన్నావు, పెన్ను తీశావు."

నేను పెన్ను కింద పెట్టేశాను.

"అచ్చెయ్యొద్దు సువార్తా."

"నీ పేరు ఉంటుందే."

"నా పేరు నేనడిగానా? నాకున్నది అదొక్క చోటే. మొగుడు పోయినప్పుడు అందులోనే ఉన్నాను. ఇప్పుడు అందులోకి జనాన్ని దించకు."

"ఆరేళ్ళు రాశానే," అన్నాను. యాభై మూడేళ్ళ వయసులో పీట మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. నాంచారి దగ్గరికి రాలేదు, నన్ను ఏడవనిచ్చింది.

"తెలుసు. అయినా వద్దు," అంది కాసేపటికి. ఎండ తగ్గుతోంది, చేపలు ఎత్తాలని లేచింది. నేనూ లేచాను. నాలుగు అడుగులు వేశాక వెనకనుంచి తన మాట వినపడింది.

"కథ వినాలనుంటే రా. కాగితం తేకు."

నాలుగున్నరకు ఆటో ఎక్కాను. తిరుగుదారిలో పాడు ఆలోచనలు రాకపోలేదు. నాంచారి పుస్తకాలు చదవదు. సంతకం పెట్టి పంపిస్తే ఈ జన్మలో తనకు తెలియదు. అడిగేవాళ్ళూ లేరు. అలా ఎవరూ అడగరనే కదా పదో తరగతిలో కూడా చేశాను. బాపట్ల స్టేషన్లో టీ తాగాను, బల్ల మీద కూర్చున్నాను, అరగంట ఆలస్యంగా ఆరింటికి బండి వచ్చింది. కిటికీ పక్క చోటు దొరికింది.

అప్పికట్ల దాటాక ప్రచురణ సంస్థ ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, అట్టబొమ్మ రెడీ అయింది, బ్రహ్మాండంగా వచ్చింది! నీలం సముద్రం మీద ఇనప దీవులు. హామీపత్రం ఒక్కటి పంపితే ప్రెస్సుకు ఇచ్చేస్తాం."

"వద్దండి, ఆపేయండి," అన్నాను.

"ఏమైనా మార్పులున్నాయా?"

"మార్పులు కాదండి. వేయొద్దు."

"అదేంటి మేడం!" గొంతు తగ్గించి, "కథ మీదేగా?" అన్నాడు.

ముప్పై ఏడేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. బండి చప్పుడులో వినపడదేమోనని గట్టిగా చెప్పాను.

"కాదండి. నాంచారమ్మది."

ఎదుటి సీట్లో చుండూరు వెళ్ళే ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏమ్మా, ఏమన్నా ఇబ్బందా?" అన్నాడు. లేదండి అన్నాను. ఆయన చుండూరులో దిగిపోయాడు. తెనాలిలో దిగేటప్పటికి ఏడు దాటింది.

వెళ్ళాలనుకునేవారికి దారి చెప్పాను కదా. రేపల్లె మీదుగా తిరగాల్సిన పని లేదు, తెనాలి నుంచి తిన్నగా బాపట్లకు బండ్లున్నాయి. ఒక్కరోజులో వెళ్ళిరావచ్చు. నా మటుకు నేను పోగొట్టుకునే తిరిగి వచ్చాను, అది దాచను. ఆదివారం పొద్దున లేచి అలవాటు కొద్దీ బల్ల ముందు కూర్చున్నాను, రాయడానికి ఏమీ లేదు. అలా కూర్చునే సాయంత్రం చేశాను. అచ్చు ఆపేశానని నాంచారికి చెప్పాలి. ఫోన్ నంబరు అడగడం మర్చిపోయాను. వచ్చే శనివారం మళ్ళీ వెళ్తాను, చేతులూపుకుంటూ.