కెప్టెన్ మనవరాలు

పాప దగ్గి దగ్గి ఇప్పుడే పడుకుంది. మళ్లీ లేచేలోపు రాసుకోవాలి.

ఇది పోయినేడు, పాడేరులో కొత్తగా ఇంటర్నెట్ సెంటర్ పెట్టినప్పటి మాట. పాత యుద్ధాల గురించి జనం రాసుకునే సైట్‌లో ఒకావిడ తన తాత ఫొటో పెట్టింది. ఆవిడ మీద నా కుళ్లు అక్కడే మొదలైంది. ఆయన బర్మా యుద్ధంలో కెప్టెన్. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, కింద గుర్రం. కళ్లెం పట్టుకున్న ఎవరిదో చెయ్యి ఫొటో అంచున సగం కనబడుతోంది. మా తాత ఆ కంపెనీలోనే కంచరగాడిదలు తోలాడు. ఆయనకి ఒక్క ఫొటో లేదు.

కింద ఆవిడ రాసింది: విమానాలు రాగానే గాడిదలవాళ్లు సామాను పారేసి పారిపోయారని.

తాత చెప్పింది వేరు. సామాను దించెయ్యమన్నది ఆఫీసర్లే. ఆ గాడిదల మీద దెబ్బలు తగిలిన సిపాయిల్ని కట్టి కొండ దాటించారట. ఎప్పుడని అడిగితే "మా ఇటుకల పండగ వారం" అనేవాడు. చైత్రంలో మగాళ్లంతా వేటకెళ్లే పండగ అది. అమ్మమ్మ వాళ్ల ఊరి పండగని బట్టి లెక్కగట్టి, తేదీ వేసి, ఇదంతా ఆ ఫొటో కిందే రాశాను. డిగ్రీ ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "గుర్రం మీంచి చూస్తే నడిచేవాళ్లంతా పారిపోతున్నట్టే కనబడతారు" అని ఒక పోటు కూడా పొడిచాను.

తర్వాతి వారం జవాబు చూశాను. "మీ తాతగారు అక్కడున్నారని తెలిసి సంతోషమండీ. కానీ మీరు చెప్పిన తేదీకి కంపెనీ ఇంకా నది దాటలేదు. మరోసారి చూస్తారా? మీ మాట నిజమైతే నా వాక్యం మార్చాలి." కింద ఏ పుస్తకమో, ఏ పేజీయో.

ఒళ్లు మండిపోయింది. ఫొటో ఆవిడదే, పుస్తకాలు ఆవిడవే, ఆఖరికి మర్యాద కూడా ఆవిడదేనా!

"ఆవిడకి కోపం రాలేదనా నీకు కోపం?" అన్నాడు మా ఆయన.

"ఆవిణ్ణే చేసుకోకపోయారా!"

"అడిగితే మర్యాదగానే వద్దనేది."

పాపనెత్తుకుని ముంచింగిపుట్టు జీపెక్కాను. అమ్మమ్మ చోళ్లు చెరుగుతోంది. సంగతి విని చేట ఆపింది.

"మా పండగంటే మన ఊరిదేటే గుంటా? మీ తాత ఇల్లరికం వొచ్చినోడు. సచ్చేదాకా ఆడు పుట్టిన ఊరే ఆడికి 'మా ఊరు'. మన పండగయిపోయి వారాలు గడిసాక ఆళ్ల డప్పులు ఇనబడేవి."

"పారిపోయాడని రాశారమ్మమ్మా."

"గాడిద్నొదిలా? నన్నొదిలేసినా దాన్నొదలడు. నిద్దట్లో కూడా దాన్నే పిలిసీవోడు, ముసలోడు!" ఇన్నేళ్లయినా ఆ గాడిద మీద అమ్మమ్మ కుళ్లు తగ్గలేదు.

ఈసారి పోటు లేకుండా రాశాను. పండగ ఏ ఊరిదో, ఎవరు చెప్పారో, నాకు తెలియనిదేదో అన్నీ చెప్పాను. ఆవిడ వాక్యం మార్చింది. "పారిపోయారు" పోయింది. గాడిదలవాళ్లు క్షతగాత్రుల్ని మోశారని వాళ్లలో ఒకరి కుటుంబం చెబుతోందనీ, వారం సరిపోతోందనీ, రోజు మాత్రం తేలలేదనీ రాసి, నాకు కృతజ్ఞతలు చెప్పింది.

ఆ ఫొటో ఇప్పటికీ అక్కడే ఉంది. కళ్లెం పట్టుకున్న ఆ చెయ్యి మా తాతదని కింద రాసెయ్యాలని ఎన్నిసార్లు అనిపించిందో. నాకు తెలియదు. అందుకే రాయలేదు.