739391 మా ఇంటికొచ్చింది

పొద్దున గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన ఓటీపీ అడిగాడు. ఫోన్ చూస్తే 739391! పాత చుట్టం ఎదురైనట్టు ప్రాణం లేచొచ్చింది. పక్క మగ్గం నర్సయ్యా నేనూ ఒక వానాకాలమంతా కూర్చుని, ఒకటీ తానూ తప్ప దీన్ని ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించదని తేల్చాం. చివరి అంకె తీసేస్తూ పోయినా అంతే: 73939, 7393, 739, 73, 7. మా ఇద్దరి బడి చదువు ఐదో తరగతే లెండి.

"బిడ్డా, గీ నంబరు సంగతి ఎరుకేనా?" అని మొదలుపెట్టాను.

"కాకా, నంబరు జెప్పరాదే! బండి మీద ఇంకా సిలిండర్లున్నయ్."

నేను 73 దాకా వచ్చేసరికి గడువు దాటింది. మళ్లీ తెప్పిస్తే సరి సంఖ్య వచ్చింది.

"గిది గూడ గసుంటిదేనా?" అన్నాడాయన నవ్వుతూ.

"కాదు, రాస్కో."

ఆయన వెళ్లగానే నర్సయ్యకు చెబుదామని ఫోన్ తీశాను. పోయినేడు అతను పోయిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

అందుకే మీకు చెబుతున్నాను. 739391 చివర ఒకే ఒక్క అంకె చేరిస్తే మళ్లీ అలాంటి సంఖ్యే వస్తుంది. అదేదో రాయండి. తప్పైనా పర్లేదు, కాసేపు వాదించుకుందాం.