శనివారం తలనొప్పికి నలుగురు డాక్టర్లు

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో, మా వారాంతపు విందుల్లో వడ్డించేవాళ్ళ కంటే రోగం చెప్పేవాళ్ళే ఎక్కువ. మా ఆయన ఎముకల డాక్టరు. ఆయన స్నేహితులు ముగ్గురూ డాక్టర్లే. నా తలనొప్పి అంటే వాళ్ళకి భలే కాలక్షేపం.

శనివారం మధ్యాహ్నమయ్యేసరికి నా తల పగిలిపోయేది. ఆయన నాకు డ్రైవింగ్ నేర్పేది ఆ ఒక్క రోజే. మా వీధికి బస్సు రాదు. లైబ్రరీలో ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, లైసెన్స్ ఉంటేనే అక్కడికి వెళ్ళగలను. "ఈ నొప్పితో హైవే ఎక్కితే ఇంకేమన్నా ఉందా? టెస్ట్ పోస్ట్‌పోన్ చేద్దాంలే" అని ఆయన మూడు నెలలు వాయిదా వేశారు.

పిల్లల డాక్టరు మైగ్రేన్ అని తేల్చి, నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టాడు. మత్తుమందు డాక్టరు సైనస్ అన్నాడు. ముక్కు పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి, "నొప్పిగా ఉందా, చూశారా!" అని మురిసిపోయాడు. కళ్ళ డాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు, కళ్ళజోడు రాసిచ్చాడు. మా ఆయనేమో, "టెన్షన్. మెడ కండరాలు బిగుసుకున్నాయి" అన్నారు. పక్కన కూర్చుని "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తుంటే బిగుసుకోక, డాన్స్ చేస్తాయా?

అసలు సంగతి నేనెవరికీ చెప్పలేదు. లైసెన్స్ వచ్చేదాకా శనివారాలు కాఫీ ముట్టనని వెంకన్నకి మొక్కుకున్నాను. మామూలు రోజుల్లో నాలుగు గ్లాసులు తాగేదాన్ని. చెబితే ఈ మేధావులు నవ్వుతారని నోరు మూసుకున్నాను.

చివరికి పోట్లాడి టెస్ట్‌కి వెళ్ళాను. అదీ శనివారమే. నేను తల పట్టుకుని కూర్చుంటే, కౌంటర్లో ఉన్న నల్లావిడ, "పొద్దున కాఫీ తాగావా, తల్లీ?" అని తన యాస ఇంగ్లీషులో అడిగింది. మూడు నెలల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి! లేదని చెబితే తనే కప్పు నింపి ఇచ్చింది. లెంపలేసుకుని తాగేశాను. గంటసేపు క్యూలో కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి నొప్పి మాయం. పాసయ్యాను.

"చూశావా, నేనిచ్చిన మాత్ర!" అన్నారు మా ఆయన. ఆ మాత్ర నా పర్సులోనే ఉంది.

సోమవారం నేనే డ్రైవ్ చేసుకుంటూ లైబ్రరీకి వెళ్ళాను. ఆ ఉద్యోగం కిందటి వారమే వేరొకరికి ఇచ్చేశామన్నారు. కార్లో కూర్చుని, తలుపులన్నీ వేసుకుని, కసితీరా ఏడ్చాను.