బొమ్మల బరువు దించే పని

ఎనిమిదేళ్ళ పాటు నేను చేసిన పని బొమ్మల బరువు తగ్గించడం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా ఇంట్లోవాళ్ళే అడిగేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. గాజువాకలో మందుల షాపు పైన ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫోను లైను. చిన్నాచితకా వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్ళం. ఆ లైను కింది షాపుకీ మాకూ ఉమ్మడి. కింద ఆయన రిసీవర్ ఎత్తితే చాలు, పైన ఇంటర్నెట్ తెగిపోయేది. మోడెం మళ్ళీ మొదటినుంచి కీచుమనడం మొదలుపెట్టేది. ఆ కూత ఇప్పుడు తలుచుకున్నా నాకు తలనొప్పి వస్తుంది.

అలాంటి లైను మీద పెద్ద ఫోటో తెరిస్తే అది పైనుంచి కిందికి వరసలు వరసలుగా దిగేది. ముందు ఆకాశం, కాసేపటికి తలకాయ, కాళ్ళు కనిపించేలోపు చూసేవాడు లేచి వెళ్ళిపోయేవాడు. అందుకని ప్రతి ఫోటోనీ నేను కుదించాలి. కుదించడమంటే కొలత తగ్గించడం ఒక్కటే కాదు, కంటికి పెద్దగా తెలియకుండా అందులోని వివరాలు తీసెయ్యడం. ఆకాశం తేలిక. అంతా నీలమే కాబట్టి కంప్యూటరు దాన్ని ఒక్క మాటలో చెప్పేస్తుంది. మనిషి మొహం అలా కాదు. ముక్కు పక్క నీడ, గడ్డంలో తెల్లవెంట్రుక, నుదుటి మీద ముడత, అన్నీ విడివిడిగా చెప్పుకురావాలి. బరువంతా అక్కడే. కాబట్టి అవసరం లేదనుకున్న చోట కాస్త మసక కొడితే ఫోటో ఠక్కున తేలికయ్యేది. ఈ కిటుకు నా అంతట నేనే కనిపెట్టానని నాకు మహా గర్వం. గొర్రెతోక బెత్తెడు లాంటి ఆ ఉద్యోగంలో గర్వపడటానికి ఇంకేముంది గనక!

ఇంకో అలవాటు కూడా ఉండేది. కుదించిన ఫోటోని అదే పేరుతో, పాతదాని మీదే సేవ్ చేసెయ్యడం. ఒకసారి రెండూ దాచుకుని, పొరపాటున బరువైనదే సైటులో పెట్టేసి, ఒక లాడ్జి ఓనరు చేత నానా మాటలూ పడ్డాను. అప్పటినుంచి ఒకే పేరు, ఒకే ఫోటో. పీడా పోయింది అనుకున్నాను.

హార్బర్‌లో నాలుగు బోట్లున్న ఒకాయన వచ్చింది ఆ రోజుల్లోనే. చేపలు కొనే సింగపూరు వాళ్ళు తన సైటు చూడాలని ఆయన కోరిక. నేను స్వయంగా హార్బర్‌కి వెళ్ళి ఫోటోలు తీశాను. కెమెరా అరువుది, ఫోటోలు ఫ్లాపీల్లో పడే రకం. ఆ వేళ బోటు మీదినుంచి ఒకతను పెద్ద వంజరం చేపని రెండు చేతులా ఎత్తుకుని దిగుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆగమన్నాను. చేపని చంకలో ఇరికించుకుని, తడిచేత్తో జుట్టు దువ్వుకుని మరీ నిలబడ్డాడు.

"బావా, పొటో నాకూ ఒకటి ఇత్తావా?" అన్నాడు.

"తప్పకుండా ఇస్తాను," అన్నాను. గదికి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాను.

వారం తిరక్కుండా బోట్లాయన వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. నోట్లో కిళ్ళీ పెట్టుకుని, సైటు తెరవమన్నాడు. కిళ్ళీ అయిపోయింది గానీ, నేను కొలత ఒక్కటే తగ్గించి పెట్టిన ఆ చేప మనిషి బొమ్మ నడుం దాటలేదు.

"ఏటి బావా ఇది? నడుసుకుంటా వత్తందేటి? ఆ సింగపూరోడు దీని కోసం కూకుంటాడా? ఆడికేం పన్లేదా?"

ఆయన వెళ్ళగానే ఆ ఫోటో ముందేసుకున్నాను. అప్పటికే అలిసిపోయి ఉన్నాను, పైగా చిరాకు. కొనేవాడికి కావలసింది చేప. కాబట్టి చేప చుట్టూ గీత గీసి దాన్ని ఉన్నదున్నట్టు వదిలేశాను. మిగతాదంతా, బోటూ, తాళ్ళూ, మనిషీ, ఒక్క దెబ్బన మసక కొట్టాను. పాతదాని మీదే సేవ్ చేశాను. ఫ్లాపీలు తుడిచేసి ఒక చీరల షాపు పనికి వాడుకున్నాను. ఫోటో ఠపీమని తెరుచుకుంటోంది. బోట్లాయన నా భుజం తట్టి, "ఇదీ లెక్క!" అన్నాడు.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం ఒకావిడ మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. కంచరపాలెం మార్కెట్లో చేపలమ్ముతుందట. బోట్లాయన నా అడ్రసు చెప్పి పంపాడు. వంజరం ఫోటోలో అతను ఆవిడ తమ్ముడు. వేటకెళ్ళి బోటు మీదినుంచి పడిపోయాడు. నాలుగు రోజులు వెతికినా మనిషి దొరకలేదు.

"పెద్దకర్మకి పొటో గావాల బాబూ," అంది. "పెళ్ళి పొటోలు వానకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోనాయి. రేసన్ కార్డు మీద ఉన్నది బియ్యం గింజంత. నువ్వు పొటో తీసినావని ఇంటికొచ్చి సెప్పుకున్నాడు. మనిషే లేడు గదా, పొటో ముందే అన్నీ సెయ్యాల. పెద్దది సేసి ఇచ్చీ బాబూ."

ఎక్కడైనా పాతది మిగిలి ఉంటుందేమోనని రెండు కంప్యూటర్లూ గాలించాను. అరల్లో ఉన్న ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. అన్నింట్లోనూ చీరలే. ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చుని, ప్రతి ఫ్లాపీకీ ముందుకు వంగి చూస్తోంది. చివరికి సైటులో ఉన్నదే తెరిచి పెద్దది చేశాను. వంజరం ఒంటి మీది చారలు లెక్కపెట్టుకోవచ్చు. కన్ను నిగనిగలాడుతోంది. దాని పైన, మొహం ఉండవలసిన చోట, గోధుమరంగు మరక.

ఆవిడ కాసేపు చూసింది. తరవాత లేచి, పైట కొంగుతో స్క్రీను తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"మురికి కాదమ్మా," అన్నాను. "కెమెరా మంచిది కాదు. అలాగే పడింది."

అబద్ధం. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో!

"పోనీలే బాబూ, నువ్వేటి సేత్తావు," అంది. పైగా నన్నే ఓదార్చింది. చేపలమ్మే మనిషి కదా, చేప కేసి పరీక్షగా చూసి, "సేప బాగా పడ్డాది," అంది.

మొహం వరకూ కత్తిరించి, వీలైనంత సరిచేసి ఇస్తానన్నాను. చేసేందుకు అక్కడేమీ లేదని నాకు తెలుసు. ఆవిడ వద్దంది.

"సేపతోనే ఇచ్చీ. అది లేకపోతే ఆడేనని ఎలా తెలుత్తాది?"

ప్రింటు తీసి ఇచ్చాను. తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, నాకు దండం పెట్టి మరీ వెళ్ళింది. తప్పు కెమెరాది కాదని, నాదేనని, ఆవిడ మెట్లు దిగేలోపు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.